వికలమా, విలోలమా?

మూడుచక్రాలు: ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో ‘ధైర్యము వికలంబయ్యె’ అని చిన్నప్పుడు చదివినట్టు గుర్తు. మా పేట గ్రంథాలయానికి ర్యాంపు కోరుతూ అర్జీ రాస్తున్నాను. ‘వికలాంగుడినైన నేను’ అని రాయగానే ఆ పాదం మెదిలి చెయ్యి ఆగింది. మనసు వికలమైందంటాం కదా, అక్కడా చెదరడమేనా?

పాతతాటాకు: వికలం కాదు, విలోలం. శార్దూలంలో నాలుగో గణం సగణం, అంటే రెండు లఘువులు, ఒక గురువు: ము-వి-లో. ‘లో’ గురువు. అక్కడ ‘క’ పెడితే గణభంగం.

గోదారిగట్టు: విలోలమంటే చలించడం. గజేంద్రుడి ధైర్యం ఊగింది గాని విరగలేదు, అందుకే పిలవగలిగాడు. పోతన చేతిలో ఒక్క అక్షరం ఎంత పని చేసిందో చూడండి! పైగా అక్కడ లావంటే బలం, ఇప్పుడు ఒళ్లు. అర్థాలు మారతాయి. వికలాంగుడు అన్న మాటా మారుతుంది.

పాతతాటాకు: మూలం పోదండీ. సకలమంటే అన్ని భాగాలూ ఉన్నది, వికలమంటే ఏదో లోపించినది. ‘వికళాంగులు’ అని రాయడం మాత్రం తప్పు.

గోదారిగట్టు: లళయోరభేదః, ‘ల’కూ ‘ళ’కూ భేదం లేదన్నారు కదా మాస్టారూ.

తెల్లకర్ర: నాకు పుట్టుకతో చూపు లేదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో ‘ఆ గుడ్డాయన్ని పంపండి’ అని కేకేస్తే, మా అమ్మ వేళ్లు నా భుజం మీద బిగుసుకున్నాయి. ఆ బిగువు ఇప్పటికీ తెలుస్తుంది. 2015 డిసెంబరు 27న ప్రధాని ‘మన్ కీ బాత్’లో ‘దివ్యాంగ్’ అనమన్నారు. ఆంధ్రప్రదేశ్ సంక్షేమ శాఖ ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది. నాకు దివ్యత్వం అంటగడితే నేను అడిగేది దయ అయిపోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దాన్ని హక్కు అంది. చూపు లేనివాణ్ణి అనండి, చాలు.

పాతతాటాకు: ‘దివ్యాంగ’కు ఒక్క ‘న’ చేరిస్తే అప్సరస. బహువ్రీహిగా విడదీసినా దివ్యమైన అవయవాలు కలవారనే వస్తుంది. మీ అభ్యంతరానికి వ్యాకరణం తోడుంది.

మూడుచక్రాలు: ‘ఏడు మెట్లు ఎక్కలేనివాణ్ణి’ అని మార్చాను.

తెల్లకర్ర: అందులోనూ ‘లేని’ మీ మీదే పడింది. ‘ర్యాంపు లేని గ్రంథాలయం’ అనండి. లోపం కట్టడానిది.

మూడుచక్రాలు: అదే రాస్తాను. కానీ చివర సంతకం కింద నన్ను నేను ఏమని రాసుకోవాలి?

గోదారిగట్టు: పాఠకుడు అని.

పాతతాటాకు: అన్నట్టు, ఆ పద్యంలోనే ‘ఠావుల్ దప్పెను’ ఉంది. ఆ ‘ఠావు’ స్థానమన్న మాట నుంచి వచ్చిందని నా నమ్మకం. ఎవరైనా కాదంటారా?