ఇరిడియం బోరైలేషన్‌లో మెటా ఐసోమర్ మాత్రమే రావాలంటే?

ప్రశ్న (పరిశోధక విద్యార్థి, బెంగళూరు):
ఒకే ప్రతిక్షేపకం (హైడ్రోజన్ స్థానంలో చేరిన గ్రూపు) ఉన్న బెంజీన్ వలయం మీద ఇరిడియం ఉత్ప్రేరకంతో, డైటర్షియరీబ్యూటైల్ బైపిరిడీన్ లైగాండ్‌తో (లోహానికి అతుక్కుని ఉండే అణువు) సీ–హెచ్ బోరైలేషన్, అంటే హైడ్రోజన్ బదులు బోరాన్ గ్రూపును చేర్చడం, చేస్తున్నాను. ఆర్థో (ప్రతిక్షేపకానికి పక్కనే బోరాన్ చేరిన) ఐసోమర్ జాడ లేదు గానీ, మెటా (ఒక కార్బన్ వదిలి చేరిన), పారా (సరిగ్గా ఎదురుగా చేరిన) ఐసోమర్లు దాదాపు 2:1 నిష్పత్తిలో కలిసి వస్తున్నాయి. శుద్ధిచేసే సిలికా కాలమ్‌లో విడిపోవడం లేదు. ఉష్ణోగ్రత తగ్గించినా నిష్పత్తి కదలలేదు. మెటా ఒక్కటే రావడానికి మార్గం ఉందా?

జవాబు (చెన్నై, ప్రాసెస్ కెమిస్ట్రీ):
ఉత్ప్రేరకాన్ని తప్పుపట్టకండి. వలయంలో మెటా హైడ్రోజన్లు రెండు, పారా హైడ్రోజన్ ఒకటి కాబట్టి, 2:1 వచ్చిందంటే ఇరిడియం ఆ మూడింటి మధ్య తేడా చూడటం లేదన్నమాట. 2002లో మియౌరా, హార్ట్‌విగ్ బృందాలు వెలువరించిన ఈ పద్ధతిలో ఎంపిక ప్రధానంగా స్థలావరోధం (గ్రూపుల పరిమాణం వల్ల కలిగే అడ్డు) మీద ఆధారపడుతుంది: పక్కన గ్రూప్ ఉన్న కార్బన్ దగ్గరికి లోహం రాదు. అందుకే 1, 3 స్థానాల్లో గ్రూపులున్న వలయంలో 5వ స్థానం ఒక్కటే దానికి అందుతుంది. మెటా స్థానంలో క్లోరిన్ ఉన్న ముడిపదార్థంతో మొదలుపెడితే, అది ఈ చర్యను తట్టుకుంటుంది; సుజుకి చర్య (బోరాన్ స్థానంలో కొత్త కార్బన్ బంధం ఏర్పరిచే తర్వాతి దశ) పూర్తయ్యాక దాన్ని హైడ్రోజనీకరణతో తొలగించవచ్చు. ఒక దశ పెరిగినా, పెద్ద బ్యాచ్‌కు నేనైతే ఇదే ఎంచుకుంటాను.

జవాబు (బెంగళూరు):
ఇంతకీ మీ ప్రతిక్షేపకం ఏమిటి? 1993లో మురాయ్ బృందం చూపినట్టు, కీటోన్ ఆక్సిజన్ రుథేనియాన్ని పట్టుకుంటే ఐదు పరమాణువుల వలయం సులువుగా ఏర్పడి చర్య ఆర్థోలో జరుగుతుంది. మెటా అంత దగ్గర కాదు. 2012లో జిన్-క్వాన్ యూ బృందం లోహాన్ని పట్టుకునే నైట్రైల్ గ్రూపు ఉన్న పొడవాటి టెంప్లేట్‌ను (తాత్కాలిక అణుభాగం) అణువుకు తగిలించి పల్లాడియాన్ని అక్కడిదాకా చేర్చింది. అయితే ఆ టెంప్లేట్‌ను అమర్చడం, ఊడదీయడం మీ పనే.

ప్రశ్న అడిగినవారు:
టెర్షియరీ అమైడ్ (నైట్రోజన్ మీద హైడ్రోజన్ లేనిది) అండీ.

జవాబు (బెంగళూరు):
ఈ మాట ముందే చెప్పవలసింది! అమైడ్ అయితే టెంప్లేట్ జోలికి పోనక్కర్లేదు. 2015లో కునినోబు, కనాయ్ బైపిరిడీన్‌కు యూరియా భాగాన్ని జోడించిన లైగాండ్‌ను వాడారు. ఆ యూరియా అమైడ్ కార్బొనైల్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టి ఉంచుతుంది కాబట్టి ఇరిడియం మెటా సీ–హెచ్ బంధానికి ఎదురుగా నిలుస్తుంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటి ద్రావణి ఆ బంధానికి పోటీ వస్తుంది, అందువల్ల హైడ్రోకార్బన్ ద్రావణితో మొదలుపెట్టండి.

జవాబు (చెన్నై, ప్రాసెస్ కెమిస్ట్రీ):
లైగాండ్ మార్చినప్పుడు నిష్పత్తిని కాలమ్‌కు ముందే, ముడి మిశ్రమం నుంచే కొలవండి. ఈ చర్యలో వచ్చే బోరోనిక్ ఎస్టర్ సిలికా మీద కొంత పాడవుతుంది. ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్ల సంకేతాలు చూపే వర్ణపటం) పారా ఐసోమర్ సుగంధ ప్రాంతంలో, అంటే బెంజీన్ వలయపు హైడ్రోజన్లు కనిపించే చోట, రెండేసి హైడ్రోజన్ల జంట డబ్లెట్లుగా (రెండు గీతల సంకేతాలు) కనిపిస్తుంది. మెటా ఐసోమర్‌కు ఒక సన్నని సింగ్లెట్ (ఒకే గీత), ఒక ట్రిప్లెట్ (మూడు గీతలు) తప్పక ఉంటాయి. మా ఊరి ఉక్కపోతలో తేమ చొరబడితే దిగుబడి పడిపోతుంది గానీ ఐసోమర్ల నిష్పత్తి పెద్దగా మారదు, కాబట్టి ఆ రెండింటినీ వేర్వేరుగా నమోదు చేసుకోండి.