'నికరాగువా' పేరులో నీళ్లు ఎక్కడున్నాయి?

ప్రశ్న (గ్రూపు సభ్యురాలు): అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం దేశాల పేర్లు ఎలా వచ్చాయో వెతుకుతోంది. మధ్య అమెరికాలోని నికరాగువా దగ్గర ఆగిపోయాం. "నికరావో అనే నాయకుడి పేరుకి, స్పానిష్‌లో నీళ్లు అని అర్థమున్న 'అగువా' కలిస్తే నికరాగువా అయింది" అని చాలా చోట్ల రాసి ఉంది. ఆ దేశంలో అంత పెద్ద సరస్సు ఉంది కాబట్టి నమ్మబుద్ధి అవుతోంది. ఇది సరైన వ్యుత్పత్తేనా? ఆ నాయకుడి జనాన్ని నికరావోలు అంటారట, అసలు వాళ్లు ఎవరు? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నమస్తే అండీ. నాకు చాలా ఇష్టమైన విషయం అడిగారు, కాస్త వివరంగానే రాస్తాను. ఆ వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది కానీ నిలబడదు అని నా అభిప్రాయం.

మొదటి కారణం, పాత కాగితాలు. గిల్ గొన్సాలెస్ దావిలా అనే స్పెయిన్ యాత్రా నాయకుడు 1523లో పనామా వైపు నుంచి నికోయా (ఇప్పటి కోస్టారికాలో ఉంది) మీదుగా ఆ నేలకి చేరాడు. ఆ యాత్రలో కోశాధికారిగా ఉన్న ఆంద్రేస్ దె సెరెసెదా రాసిన లెక్కల్లోనూ, 1524లో గిల్ గొన్సాలెస్ తన రాజుకి రాసిన ఉత్తరంలోనూ అక్కడి స్థానిక నాయకుడి పేరే 'నికరాగువా' అని ఉంది. అంటే ముందు ఒక మనిషి పేరు ఉండి, తర్వాత దానికి నీళ్లు తగిలించి దేశం పేరు చేశారన్న వరస ఆ కాగితాల్లో కనబడదు.

రెండో కారణం, ఆ 'గువా'. అక్కడి భాషల్లో 'వా' అని పలికేదాన్ని స్పెయిన్ వాళ్లు చాలాసార్లు 'గువా' అని రాసుకున్నారు. నికరావోల భాషకి దగ్గరి చుట్టమైన, మెక్సికో వైపు మాట్లాడే నాహువాత్ల్ భాషలో 'అవాకత్ల్' అనే పండు స్పానిష్‌లో 'అగువాకాతె' అయింది. మనం ఇప్పుడు సూపర్ మార్కెట్లో కొనే అవకాడో అదే. 'క్వావిత్ల్' అంటే చెట్టు, 'నకస్త్లి' అంటే చెవి. ఈ రెండూ కలిసి 'గువానకాస్తె' అనే పెద్ద చెట్టు పేరైంది, దాని కాయలు అచ్చం చెవుల్లా ఉంటాయి కాబట్టి. కోస్టారికాలో ఒక రాష్ట్రానికీ ఆ పేరే. వీటిలో 'అగువా', 'గువా' అని వినబడినా స్పానిష్ నీళ్లతో ఏ సంబంధమూ లేదు.

మరి అర్థం ఏమిటంటే, పండితులు ఎక్కువగా చెప్పేది 'నికాన్' (ఇక్కడ) అనే మాటకి 'నాహువా' (నాహువాత్ల్, దాని చుట్టపు భాషలు మాట్లాడే జనం పేరు) కలిసిందని. ఇక్కడి నాహువాలు అన్నమాట. ఇంకొందరు 'నికాన్' పక్కన 'అనావాక్' చూస్తారు. 'ఆత్ల్' అంటే నీళ్లు, 'నావాక్' అంటే దగ్గర. ఈ రెండో దారిలో వెళితే మీ అమ్మాయి వెతికే నీళ్లు దొరుకుతాయి, కానీ అవి స్పెయిన్ నుంచి వచ్చిన నీళ్లు కావు, వాళ్ల భాషలోవే. నాకు మొదటి వివరణే ఎక్కువ నచ్చుతుంది.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ 'నికాన్ నాహువా'లో రకారం లేదు కదా, 'నికరాగువా'లోకి 'ర' ఎలా వచ్చింది?

జవాబు: మంచి ప్రశ్న వేశారు సార్. నాహువాత్ల్‌లో గానీ, దానికి చాలా దగ్గరగా నికరావోలు మాట్లాడిన నావాత్‌లో గానీ రకారమే లేదు. కాబట్టి 'నికరావో', 'నికరాగువా' రెండింటిలో ఏదీ ఆ జనం నోట అచ్చంగా అలా పలికిన మాట కాదు. స్పెయిన్ వాళ్లు వచ్చింది నికోయా వైపు నుంచి. అక్కడివాళ్లు చొరొతేగాలు, వాళ్ల భాష పూర్తిగా వేరే కుటుంబానికి చెందింది. దారి చూపినవాళ్ల నోట్లోంచి, దుబాసీల నోట్లోంచి, చివరికి రాయసగాడి చెవిలోంచి కాగితం మీద పడేసరికి ఒక పేరు ఎంత మారుతుందో మనకి తెలియనిది కాదు. మచిలీపట్నాన్ని 'మసూలిపటం' అని రాసుకున్న రికార్డులు మన దగ్గరే కావలసినన్ని ఉన్నాయి.

ఇక ఆ నాయకుడి సొంత పేరు. కొందరు నికరాగువా చరిత్రకారులు అతని అసలు పేరు మకుయిల్‌మికిస్త్లి అంటున్నారు. 'మకుయిల్' అంటే ఐదు, 'మికిస్త్లి' అంటే చావు. వినడానికి భయంగా ఉన్నా అది తిట్టూ కాదు, శాపమూ కాదు, పుట్టిన రోజు పేరు. వాళ్ల పంచాంగంలో 20 రోజుల పేర్లు, 1 నుంచి 13 దాకా అంకెలు జతగా తిరిగి 260 రోజులకి ఒక చక్రం పూర్తవుతుంది. మనలో నక్షత్రాన్ని బట్టి పేరు పెట్టినట్టే, ఏ రోజు పుడితే ఆ రోజే పేరు.

వ్యాఖ్య: నాహువాత్ల్ అంటే ఆజ్‌టెక్‌ల భాష కదా మాస్టారూ? అయితే వీళ్లు ఆజ్‌టెక్‌లేనా?

జవాబు: కాదండీ, ఇక్కడే చాలామంది తడబడతారు. భాష ఒకే కుటుంబం, చరిత్ర వేరు. నికరావోల పూర్వీకులు మధ్య మెక్సికో నుంచి, చొలూలా ప్రాంతం నుంచి అని ఎక్కువమంది అంటారు, ఆజ్‌టెక్ సామ్రాజ్యం పుట్టడానికి చాలాముందే దక్షిణానికి బయలుదేరారు. చివరికి కొసిబోల్కా (నికరాగువా సరస్సు) సరస్సుకీ పసిఫిక్ సముద్రానికీ మధ్య ఉన్న సన్నటి నేల మీద, ఇప్పుడు రివాస్ అనే ఊరున్న చోట, స్థిరపడ్డారు.

ఎందుకు బయలుదేరారన్నది వాళ్ల మాటల్లోనే ఉంది. 1528లో ఫ్రాన్సిస్కో దె బొబదీయా అనే మెర్సెదారియన్ (ఒక కాథలిక్ సంఘం) సన్యాసి వాళ్ల పెద్దల్ని కూర్చోబెట్టి, దుబాసీ ద్వారా ఒక్కొక్కర్నీ ప్రశ్నలడిగి రాయించాడు. ఒవియెదో అనే చరిత్రకారుడు దాన్ని తన గ్రంథంలో చేర్చడం వల్ల మనకి మిగిలింది. మా పెద్దలది తికొమేగ, మగువతేగ అనే ఊళ్లు, అవి సూర్యుడు అస్తమించే వైపు ఉన్నాయి, అక్కడ మమ్మల్ని ఏలినవాళ్లు పెట్టిన బాధలు పడలేక వచ్చేశాం అని ఆ పెద్దలు చెప్పారు. వాళ్ల నమ్మకాలు ఎంత తప్పో తేల్చడానికి వేసిన ప్రశ్నలివి. అయినా వాళ్ల జ్ఞాపకం మనదాకా వచ్చింది ఆ జవాబుల్లోనే. నేను వాటిని చదివిన ప్రతిసారీ ప్రశ్నల మీద కన్నా జవాబుల మీదే ఎక్కువసేపు ఆగిపోతాను.

భాష మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఆ గ్రంథం ఒక గని. ఉదాహరణకి 20 రోజుల పేర్ల జాబితా చూడండి. అందులో పాము 'కోవాత్', జింక 'మసాత్', నీళ్లు 'ఆత్', పువ్వు 'సోచిత్', వాన 'కియావిత్'. మెక్సికోలో ఇవే 'కోవాత్ల్', 'మసాత్ల్', 'ఆత్ల్', 'షోచిత్ల్', 'కియావిత్ల్'. మెక్సికో మాటల్లో 'త్ల్' ఉన్న చోట వీళ్ల మాటల్లో ఒట్టి 'త్' ఉంటుంది. దేవుళ్ల పేర్లలోనూ అదే తీరు: వానదేవుడు 'కియాతెఓత్', పాతాళదేవుడు 'మిక్తాంతెఓత్'. ఆ జాబితాలో చావు రోజు పేరు 'మిసిస్తె'. అంటే ఇందాక చెప్పిన 'మికిస్త్లి' మెక్సికో వర్ణక్రమం, నికరావోల నోట వినబడింది దాదాపు 'మిసిస్తె'లాంటిది. సృష్టి చేసిన జంట 'తమగస్తాద్', 'సిపత్తొనాల్' అని కూడా ఆ పెద్దలే చెప్పారు.

ఇంకో అందమైన విషయం చెప్పకుండా ఉండలేను. మసాయా దగ్గర ఇప్పటికీ రగిలే అగ్నిపర్వతాన్ని నికరావోలు 'పొపొగతెపె' అనేవారని ఒవియెదో రాశాడు. మెక్సికోలో చొలూలా పక్కనే ఉన్న అగ్నిపర్వతం పేరు 'పొపొకతెపెత్ల్', అంటే పొగలు కక్కే కొండ. వలస వచ్చినవాళ్లు కొత్త నేల మీద పాత కొండ పేరే పెట్టుకున్నారేమో అనిపిస్తుంది.

వ్యాఖ్య: ఆ నాయకుడు స్పెయిన్ వాళ్లని ఏవో గొప్ప ప్రశ్నలు అడిగాడని ఎక్కడో చదివాను, నిజమేనా?

జవాబు: నిజమే. ఆ కాలంలోనే స్పెయిన్ ఆస్థానంలో ఉండి రాసిన పెడ్రో మార్తిర్ ఆ ప్రశ్నల్ని నమోదు చేశాడు. ప్రళయం వచ్చిందని విన్నాం, మళ్లీ వస్తుందా? సూర్యచంద్రులు, నక్షత్రాలు ఎలా కదులుతాయి? చీకటి, చలి ఎందుకు? చనిపోయాక జీవుడు ఎక్కడికి పోతాడు? ఇవీ వాటిలో కొన్ని. ఇంత కొద్దిమంది మనుషులకి ఇంత బంగారం ఎందుకు అని కూడా అడిగాడని తర్వాతి చరిత్రకారుడు గోమరా చేర్చాడు. ఆ నాయకుడు బంగారం ఇచ్చాడు, తన మనుషులు సుమారు 9 వేల మందితో కలిసి బాప్తిస్మమూ తీసుకున్నాడు. కానీ యుద్ధం మానాలి, నాట్యం మానాలి అన్న షరతులకి మాత్రం అడ్డం చెప్పాడు. నాట్యం వల్ల ఎవరికీ హాని లేదనీ, ఆయుధాలు ఆడవాళ్లకి అప్పగించి తాము నూలు వడకడం కుదరదనీ అన్నాడు. భయపడి లొంగిపోయిన మనిషి మాటల్లా ఇవి అనిపించవు. ఆ వెంటనే, 1523 ఏప్రిల్ 17న, చొరొతేగా నాయకుడు దిరియాంహెన్ స్పెయిన్ వాళ్ల మీద దాడి చేశాడు.

వ్యాఖ్య (టెక్సాస్ నుంచి): మా ఆఫీసులో నికరాగువా కొలీగ్ ఒకావిడ ఉన్నారు. పండగకి 'నకతమాల్' అని అరిటాకులో కట్టిన వంటకం తెచ్చారు. ఈ పేరు కూడా ఆ భాషదేనా?

జవాబు: అచ్చంగా ఆ భాషదేనండీ. 'నకత్ల్' అంటే మాంసం, 'తమల్లి' అంటే మొక్కజొన్న పిండి పొట్లం. అక్కడ ఆదివారం పొద్దున నకతమాల్ తినడం ఆనవాయితీ. వాళ్లు తమని తాము ముద్దుగా 'పినొలేరో' అని పిలుచుకుంటారు. అది 'పినోల్' అనే వేయించిన మొక్కజొన్న పిండి పానీయం నుంచి వచ్చింది, దాని మూలం 'పినొల్లి'. పెనాన్ని 'కొమాల్' అంటారు, తాడు 'మెకాతె', చాప 'పెతాతె', గడ్డి 'సకాతె', రాబందు 'సొపిలోతె'. స్పానిష్ మాట్లాడుతున్నామనే అనుకుంటూ రోజంతా ఈ మాటలే వాడతారు.

మన దాకా వచ్చినవీ ఉన్నాయి. నికరావోల ద్వారానే వచ్చాయని అనను, కానీ ఆ భాషాకుటుంబం నుంచే: 'తొమత్ల్' మన టమాటా, 'త్సపొత్ల్' మన సపోటా. ఇంటి పెరట్లో సపోటా చెట్టున్నవాళ్లు ఎంతమందో! కోకో సంగతి కూడా చూడండి. ఇవాళ దేశంలో కోకో ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లో, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో. నికరావోలకి ఆ గింజే డబ్బు. కుందేలు ధర 10 గింజలు, బానిస ధర 100 గింజలు అని ఒవియెదో రాశాడు. వాళ్ల సంతలో వ్యాపారం ఆడవాళ్లది, సొంత ఊరి సంతలోకి ఆ ఊరి మగవాళ్లు అడుగు పెట్టకూడదు.

ఊళ్ల పేర్లు చెప్పాలంటే చాలా ఉన్నాయి, ఒక్కటే చెబుతాను. సరస్సులో ఉన్న దీవి 'ఒమెతేపె'. 'ఒమె' రెండు, 'తెపెత్' కొండ. నిజంగానే అది 1,610 మీటర్ల కొన్సెప్సియోన్, 1,394 మీటర్ల మదేరాస్ అనే రెండు అగ్నిపర్వతాలు కలిసిన దీవి.

వ్యాఖ్య: ఇన్ని మాటలు మిగిలినప్పుడు భాష ఎలా పోయింది?

జవాబు: మనుషుల్ని తరలించేశారు కాబట్టి. 1524లో గ్రనాదా, లెయోన్ ఊళ్లు కట్టిన దగ్గర నుంచి అక్కడి జనాన్ని బానిసలుగా పట్టి ఓడల్లో పనామాకి, పెరూకి అమ్మారు. అలా తీసుకెళ్లినవాళ్లు 5 లక్షలకి పైనే అని ఆ కాలపు స్పెయిన్ సన్యాసి బర్తొలొమె దె లాస్ కాసాస్ రాశాడు. ఆ అంకె ఎక్కువని వాదించే చరిత్రకారులున్నారు, కానీ ఒక ప్రాంతమే ఖాళీ అయిందన్న మాటని ఎవరూ కాదనరు. దానికి తోడు యూరప్ వైపు నుంచి వచ్చిన రోగాలు. అమెరికా ఖండపు మూలవాసుల్ని బానిసలు చేయకూడదని 1542లో చట్టం వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయింది. భాష పోయిందంటే జనం నిర్లక్ష్యం చేశారనే మాట మనం తేలిగ్గా అనేస్తాం. ఇక్కడ అలా అనడం అన్యాయం.

అయినా అది వెంటనే పోలేదు. 1850 ప్రాంతంలో అమెరికన్ దౌత్యవేత్త స్క్వయర్ ఒమెతేపె దీవిలో కొన్ని మాటలు సేకరించగలిగాడు, అవి మెక్సికో భాషకి చుట్టాలని అప్పుడే గుర్తించాడు. నాహువాత్ల్, స్పానిష్ కలిసిన 'గ్వెగ్వెన్సే' అనే నాటకాన్ని 1883లో అమెరికన్ పండితుడు బ్రింటన్ అచ్చు వేశాడు. దాని పేరుకి మూలం 'వెవె', అంటే ముసలివాడు. దిరియాంబ ఊళ్లో జనవరిలో సెయింట్ సెబాస్టియన్ ఉత్సవంలో ఇప్పటికీ ఆడతారు, 2005లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దిరియాంబ చొరొతేగాల నేల కాబట్టి దీన్ని అచ్చంగా నికరావోల నాటకం అనలేం, ఆ ప్రాంతమంతా నాహువాత్ల్ వ్యవహారభాషగా నడిచిందని మాత్రం అది చూపిస్తుంది.

మనుషులు లేరనుకోకండి. రివాస్ చుట్టుపక్కల, ఒమెతేపె మీద ఉర్బైతె-లాస్ పీలాస్‌లో నాహువా సంతతి అని చెప్పుకునే సముదాయాలు ఉన్నాయి, భూమి హక్కుల కోసం ఆ పేరుతోనే నిలబడుతున్నాయి. భాషకి అతి దగ్గరి చుట్టం నావాత్ ఎల్ సాల్వడోర్‌లో బతికే ఉంది. విత్సాపాన్ అనే ఊళ్లో పెద్దవాళ్లు మాట్లాడతారు, వాళ్ల దగ్గర చిన్నపిల్లలు నేర్చుకుంటున్నారు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు: చాలా చాలా థాంక్స్ అండీ. ప్రాజెక్టులో తెలుగులో కూడా రాయాలి. 'నికరావో' అనాలా, 'నికరాఓ' అనాలా? దేశం పేరు 'నికరాగ్వా' కూడా చూశాను.

జవాబు: జనానికి 'నికరావో' బాగుంటుంది. చివరి రెండు అచ్చుల మధ్య మన నోటికి వకారం ఎలాగూ వచ్చేస్తుంది. దేశానికి 'నికరాగువా', 'నికరాగ్వా' రెండూ సరే, ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయమనండి. అర్థం దగ్గర 'ఇక్కడి నాహువాలు' అని ఎక్కువమంది చెబుతారని రాస్తే చాలు. దాని కింద ఒక్క లైను, ఆ భాషలో రకారం లేదని కూడా చేర్చమనండి. క్లాసులో ఎవరైనా 'అగువా' కథ చెబితే తను ధైర్యంగా జవాబివ్వగలుగుతుంది.