‘యిల్లెడమ’నా, ‘యిల్లెడము’నా?

పిల్లకాలువ: మూడు రోజులుగా ఒక ముక్క నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. వేసవి సెలవుల్లో ముక్తేశ్వరంలో అమ్మమ్మ అరుగు మీద వేసిన పొడుపు లెక్క. కాలువ గట్టున వరసగా నాలుగు ఇళ్లు, అద్దెలు 2, 3, 4, 5 రూపాయలు. ఒక కొసన కంసాలి. ఒక ఇల్లు ఖాళీ, దానికి రెండు పక్కలా కాపురాలే. ఆ రెండు పక్కిళ్ల అద్దెలు కలిపితే ఎంతో, ఖాళీ ఇంటి అద్దె అంత. వడ్రంగి కట్టేది పంతులు కంటే రూపాయి తక్కువ. ఇంతవరకూ ఖాయం. ఆ తర్వాత ‘వడ్రంగి కొక్క యిల్లెడమ పంతులు’ అని చెవిలో ఉంది. ‘మ’కు కొమ్ము ఉందా, లేదా? కంసాలి అద్దె ఎంత అన్నది ప్రశ్న.

అరసున్న: కొమ్ము లేదు. రెండూ మూడూ కలిస్తేనే అయిదు, వేరే జత కుదరదు. కాబట్టి ఖాళీ ఇల్లు అయిదుది. పంతులు వడ్రంగికి ఎడమ పక్కన ఉంటే వరస పంతులు, వడ్రంగి, ఖాళీ, కంసాలి. పంతులుకు నాలుగు, వడ్రంగికి మూడు, కంసాలికి రెండు. కంసాలిని ఎడమ కొసకు తెచ్చి చూడండి, వడ్రంగి నెత్తిన నాలుగు పడి ‘రూపాయి తక్కువ’ చెడుతుంది. ఒక్కటే అమరిక.

కొబ్బరిమట్ట: అరసున్నగారు కాలువ గట్టున కాపురం చేసినట్టు లేరండి. మా రాజోలు వైపు గట్టు మీద ఇల్లు ఎక్కడంటే ఎగువ ఇల్లు, దిగువ ఇల్లు అంటాం. ధవళేశ్వరం ఆనకట్ట ఉన్న దిక్కు ఎగువ. అక్కడ ఎడమ ఏ ఎడమ? కాలువ వైపు నుంచి చూస్తే ఒకటి, అరుగు మీద కూర్చుంటే దానికి ఎదురుది. అది ఎడము. కొబ్బరి మొక్కకూ మొక్కకూ 25 అడుగుల ఎడం వదులుతాం, అదే మాట. ఇద్దరి మధ్య ఒక ఇల్లు, అదే ఖాళీ. వడ్రంగి రెండు, పంతులు మూడు, కంసాలి నాలుగు.

అరసున్న: అప్పుడు వడ్రంగి, పంతులు ఇద్దరిలో రెండో కొసన ఎవరో తేలదు. తేలని లెక్కను మీ అమ్మమ్మలు వేసేవారేమో, పిల్లకాలువగారి అమ్మమ్మ వేయరు. ఎడమ ఎవరిదైనా నష్టం లేదు. వరస మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, అద్దెలు మారవు.

కొబ్బరిమట్ట: అడిగింది కంసాలి అద్దె. పంతులుగారి గుమ్మం ఎక్కడుంటే మనకెందుకు?

శకటరేఫ: వ్యాకరణం ఎవరూ చూడలేదు. ఎడమ వైపు అయితే ‘ఇంటి కెడమ’ కావాలి. ‘యిల్లు’ మారకుండా నిలిచిందంటే అది కొలత: జానెడెడము, బారెడెడము, ఇల్లెడము.

అరసున్న: ‘ఒక్క అడుగు ఎడమకు జరుగు’ అంటారు. అక్కడ అడుగు కొలత కాదా? అలాగే ఒక్క ఇల్లు ఎడమకు.

శకటరేఫ: సరే, ఒప్పుకున్నాను. కానీ నాలుగు తరాల నాటి ముక్క అయితే ఎడమ బదులు డాపల అని ఉండేది. పోతన గోపబాలుడు చల్దిముద్ద పట్టుకున్నది డాపలిచేత, కొమ్ముబూర ఇరికించుకున్నది డాచంక. మా నాన్నగారు అరక కట్టేటప్పుడు కూడా దాపటెద్దు, వలపటెద్దు అనే అనేవారు. ఆ ఎద్దుల్ని ఒకదాని చోట ఒకటి కడితే అడుగు వేసేవి కావు.

అరసున్న: మంచి సాక్షినే తెచ్చారు. అదే పద్యంలో ఊరుగాయలు ఇరికించినది వేళ్ల ‘సందుల’లో. మరి మీ ఎడము ఎక్కడికి పోయింది?

గోంగూరకట్ట: ఆ ఊరుగాయ మాగాయే అయి ఉండాలి. ఆవకాయ అయితే పసివాడి వేళ్లు మండిపోవూ!

శకటరేఫ: పోతనది 15వ శతాబ్దం తల్లీ. మిరపకాయను పోర్చుగీసువాళ్లు ఇంకా తేనేలేదు. మంట ఉంటే మిరియాలదే.

గోంగూరకట్ట: అయితే ఉసిరికాయ. ఉప్పులో ఊరినది. ఇక దీని మీద నేను వెనక్కి తగ్గను.

వరిపనస: ఇదంతా పావులూరి మల్లన లెక్కల్లోది. తెలుగులో తొలి గణితం ఆయనదే కదా.

అరసున్న: 11వ శతాబ్దపు కవి అద్దెలు రూపాయల్లో చెప్పాడా? మాడలో రూకలో అయితే ఆలోచిద్దాం.

వరిపనస: అమ్మమ్మ మార్చి ఉండవచ్చు.

అరసున్న: అమ్మమ్మ అంత మార్చగలిగితే ఆవిడే కవి.

పిల్లకాలువ: ఊరు వెళ్లి పెద్దమ్మను అడిగాను. స్పష్టంగా ‘ఎడమ’ అనే చదివింది, కొమ్ము లేకుండా. జవాబు మాత్రం నాలుగు అంది.

కొబ్బరిమట్ట: నాలుగు!

అరసున్న: ఎడమ!

శకటరేఫ: రెండూ ఒకటేనని నా అనుమానం. తమిళంలో ‘ఇడం’ అంటే చోటు, ఎడమ పక్క కూడా. మన ఎడ, ఎడబాటు, ఎడమ ఒకే దుంపవి కావచ్చు.

అరసున్న: పొరుగు భాష దుంప మన కూరలో వేయకండి. ఆవిడ చేత ఇళ్లు గీయించండి.

పిల్లకాలువ: చేయించాను. అరుగు మీద చింతగింజలు పేర్చింది. ఒక గింజ, ఖాళీ, మళ్లీ రెండు గింజలు. ఖాళీ ఇంటికి గింజ పెట్టలేదు. వడ్రంగి ఖాళీకి అవతలి గింజట. ఆ ఖాళీ మీద వేలు పెట్టి ‘ఇదే ఎడమ’ అంది.

కొబ్బరిమట్ట: అదే నేను చెప్పిన ఎడం!

అరసున్న: ఖాళీ వడ్రంగికి ఎడమ పక్కనే ఉంది కదా. పెద్దమ్మగారు గింజలకు ఏ వైపున కూర్చున్నారు?