.375 హెచ్ అండ్ హెచ్: నాలుగో షాట్ దారి తప్పుతోంది, తప్పు లోడ్‌దా నాదా?

కొత్తభుజం:
అందరికీ నమస్తే. ఐదేళ్లు .30-06 కొట్టాక ఈమధ్యే .375 హెచ్ అండ్ హెచ్ అనే పెద్ద తూటా వాడే బోల్ట్ యాక్షన్ (ప్రతి షాట్‌కీ చేత్తో బోల్ట్ లాగే) రైఫిల్‌కి మారాను. తూటాలు నేనే లోడ్ చేసుకుంటున్నా, 300 గ్రెయిన్ బరువున్న సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తటి సీసం) బుల్లెట్, పౌడర్ మ్యాన్యువల్‌లో చెప్పిన స్టార్టింగ్ లోడ్ కంటే కాస్త పైన, అంతే. మ్యాగజైన్‌లో మూడు, ఛాంబర్‌లో ఒకటి పెట్టి 100 గజాల్లో కొడితే మొదటి మూడూ అంగుళంన్నరలో పడతాయి, నాలుగోది మాత్రం మూడు నాలుగు అంగుళాలు కిందకి పోతోంది, ప్రతిసారీ ఇంతే. నిన్న మూడు కొట్టి అడుగున మిగిలిన తూటా బయటికి తీసి చూస్తే బుల్లెట్ మొన చదునైపోయి ఉంది, కాలిపర్ పెడితే తూటా మొత్తం పొడవు 3.580 అంగుళాలు ఉండాల్సింది 3.545 చూపిస్తోంది!! బుల్లెట్ కేసులోకి, అంటే పౌడర్ ఉండే ఇత్తడి గొట్టంలోకి దిగిపోయినట్టే కదా. దీనివల్లేనా? అది కొట్టాలంటే భయమేసి పక్కన పెట్టేశా.

పాతకాపు:
పక్కన పెట్టి మంచి పని చేశావ్ తమ్ముడూ, దాన్ని పుల్లర్‌తో (బుల్లెట్ బయటికి లాగే పనిముట్టు) విప్పేయ్. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు లోపలి తూటాలు ఉన్నచోటే ఉండిపోతాయి, మ్యాగజైన్ ముందు గోడ వచ్చి మొనకి కొట్టుకుంటుంది. అడుగున ఉన్నది మూడు దెబ్బలు తిని చివర్లో పేలుతుంది, అందుకే నాలుగోదానికే ఈ గతి. అంత పెద్ద కేసులో ఈ మాత్రం దిగితే పిస్టల్ తూటాలో ఉన్నంత ప్రమాదం ఉండదు గానీ, ప్రెషర్ మాత్రం షాట్ షాట్‌కీ మారిపోతుంది, మ్యాక్సిమమ్ దగ్గర లోడ్ చేసేవాళ్లకైతే ఇది ఆటలు కాదు.
అసలు జబ్బు కేసు మెడ పట్టు చాలకపోవడం. సైజింగ్ డైలో (కేసుని మళ్లీ సైజుకి తెచ్చే అచ్చు) మెడ లోపలి వెడల్పు సరిచేసే ఎక్స్‌పాండర్ బాల్ కొలిచి చూడు, బుల్లెట్ కంటే రెండు మూడు వేలవంతుల అంగుళం సన్నగా ఉండాలి. మెడ లోపల లూబ్ (జారుడు నూనె) మిగిలిపోయినా పట్టు ఉండదు. లోడ్ చేసిన తూటా మొనని బెంచీ అంచుకి ఆనించి చేత్తో గట్టిగా నొక్కు, కదిలిందంటే అది పనికిరాదు. ఆ తర్వాతే క్రింప్ (కేసు మూతి అంచుని బుల్లెట్ మీదకి నొక్కడం), అది కూడా బుల్లెట్ మీద గాడి ఉన్నచోటే. కేసులన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేయకపోతే క్రింప్ ఒకదానికి గట్టిగా ఇంకోదానికి వదులుగా పడుతుంది, .375 కేసు 2.850 అంగుళాలు దాటకూడదు. ఇంకోటి, బెల్ట్ (అడుగున ఉబ్బెత్తు పట్టీ) ఉన్న కేసు కదా, షోల్డర్‌ని (మెడ కింద వాలు భాగం) అవసరానికి మించి వెనక్కి నెట్టకు, నీ ఛాంబర్‌కి సరిపడా చాలు. లేకపోతే బెల్ట్‌కి పైన ఇత్తడి సాగి సాగి తెగుతుంది. కొన వంచిన సన్నటి తీగ లోపల పెట్టి గీస్తే అక్కడ గాడి తగులుతుంది, తగిలితే ఆ కేసు పారేయడమే.

నిదానం:
అన్న చెప్పింది కరెక్టే గానీ, మూడు నాలుగు అంగుళాలు కిందకి పోవడం మొత్తం దానివల్లే అంటే నేను నమ్మను. .375 తన్ను నీ .30-06 కంటే దాదాపు రెట్టింపు, మూడు షాట్లయ్యేసరికి భుజం నీకంటే ముందే భయపడుతుంది. తేల్చుకోవడం సులువు బ్రో. ఒక్కో తూటానే మ్యాగజైన్‌లో పెట్టి ఎక్కించి నాలుగూ కొట్టు. ఛాంబర్‌లోకి నేరుగా పడేయకు, క్లా ఎక్స్‌ట్రాక్టర్ (కేసు అంచుని పట్టి లాగే పెద్ద కొక్కెం) ఉంటే దానికి మంచిది కాదు. అలా కొట్టినా నాలుగోది కిందకే పోతే అది నువ్వే. ఆ తర్వాత నీ తోటివాడిని కూర్చోబెట్టి, నీకు కనబడకుండా అసలు తూటాల మధ్య డమ్మీలు కలిపి పెట్టమను, డమ్మీకి పౌడర్ ప్రైమర్ రెండూ ఉండకూడదు, పక్కన రంధ్రం వేసి ఉంచితే పొరపాటు జరగదు. డమ్మీ మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు నువ్వు తన్నుకి భయపడి బారెల్ మూతి కిందకి వంచావో లేదో వాడే చెప్తాడు.
బెంచీ మీద వంగి కూర్చుని ఇన్ని కొట్టకు కూడా, ఒళ్లు వెనక్కి కదలడానికి చోటుండదు, దెబ్బంతా భుజం మీదే పడుతుంది. గ్రూప్ (షాట్లు ఎంత దగ్గరగా పడుతున్నాయో) చూసుకోవడానికి మూడు చాలు, మిగతావి నిలబడి కొట్టు, నడుం నుంచి ఊగితే అదే రైఫిల్ మెత్తగా అనిపిస్తుంది. ఇయర్‌ప్లగ్స్ మీద ఇయర్‌మఫ్స్ కూడా పెట్టు, సగం భయం చప్పుడుదే.

కొత్తభుజం:
థాంక్స్ అన్నా, బ్రో. మరి ప్రాక్టీస్‌కి తేలిక లోడ్ కావాలంటే ఇదే పౌడర్ సగం పోసుకోవచ్చా?

పాతకాపు:
వద్దు, అస్సలు వద్దు!! నెమ్మదిగా కాలే పౌడర్‌ని ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తే ప్రెషర్ ఎటు పోతుందో చెప్పలేం, బుల్లెట్ బారెల్‌లో ఇరుక్కోవచ్చు, ఒక్కోసారి రైఫిలే పగలొచ్చు. పౌడర్ కంపెనీ హాడ్జ్‌డన్ వాళ్లు తమ హెచ్4895 పౌడర్‌కి మాత్రం, వాళ్ల డేటాలో ఆ తూటాకి ఇచ్చిన మ్యాక్సిమమ్‌లో 60 శాతానికి తగ్గకుండా చూసుకుంటూ తగ్గించుకోవచ్చని చెప్తారు, తేలిక లోడ్ కావాలంటే అలా రాసిపెట్టిన దారిలోనే వెళ్లు. కేసు ఖాళీగా ఉంటుంది కాబట్టి రెండుసార్లు పౌడర్ పడినా తెలియదు, బుల్లెట్ పెట్టే ముందు ట్రేలో ఉన్న ప్రతి కేసులోకీ లైట్ వేసి చూడు.

కొత్తభుజం:
ఇవాళ చేసి చూశా. బెంచీకి ఆనించి నొక్కితే ఆరింట్లో నాలుగు బుల్లెట్లు కదిలాయి, అన్నీ విప్పేశా. మిగతా రెండూ, వేరే కేసుల్లో ఉన్న ఇంకో రెండూ ఒక్కొక్కటే పెట్టి కొడితే నాలుగోది రెండంగుళాలు కిందకి, అంటే మిగతాది నాదే. డమ్మీ మీద మూతి బాగా కిందకి వంగిందంట, నాకు మాత్రం కదిలినట్టే తెలియలేదు. ఎక్స్‌పాండర్ బాల్ కొలిస్తే బుల్లెట్ కంటే అర వేలవంతే సన్నం, కొత్తది వచ్చేదాకా లోడింగ్ ఆపేసి డమ్మీలతోనే కూర్చుంటా.