మొక్కజొన్న పిండి సంచులను అన్ని దుకాణాల్లోనూ తప్పనిసరి చేయవచ్చా?

చర్చనీయాంశం:
2021 ఆగస్టులో డీఆర్‌డీవో వారు తిరుమల లడ్డూ కౌంటర్ల దగ్గర మొక్కజొన్న పిండితో చేసిన సంచులను ప్రవేశపెట్టారు. అవి మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతాయన్నారు. అటువంటి సంచులను ప్రతి దుకాణంలోనూ తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం. అభ్యంతరాలుంటే దయచేసి కారణాలతో సహా తెలుపగలరు.

మొదటి స్పందన:
మీ ఉద్దేశం మంచిదే గానీ, మొక్క నుంచి తయారైనంత మాత్రాన ఏ వస్తువూ ఎక్కడ పడితే అక్కడ కుళ్ళిపోదండి. ఉదాహరణకు, మొక్కజొన్న లేదా చెరకు చక్కెరను పులియబెట్టి, వచ్చిన లాక్టిక్ ఆమ్లంతో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌ను తయారు చేస్తారు. దానితో చేసిన గ్లాసులో వేడివేడి టీ పోస్తే అది మెత్తబడి వంగిపోతుంది, కానీ అదే గ్లాసు పెరటి ఎరువు గుంతలోనో మురుగు కాలువలోనో పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఎందుకంటే అది త్వరగా విచ్ఛిన్నం కావాలంటే తేమతో పాటు దాదాపు 58 డిగ్రీల వేడి నిలకడగా ఉండాలి. ఆ వేడి పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే సాధ్యం. పిండి సంచుల్లో చాలావాటిలో పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్‌ను కూడా కలుపుతారు. అది సూక్ష్మజీవులకు లొంగేదే అయినా, ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది. పైగా పీఎల్ఏ సీసాలు చూపుకు మామూలు నీళ్ల సీసాల్లాగే ఉంటాయి కాబట్టి వాటితో కలిసిపోయి రీసైక్లింగ్ సరుకునే పాడుచేస్తాయి.

రెండవ స్పందన:
మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక్క ఉపయోగాన్ని మాత్రం గట్టిగా సమర్థిస్తాను. అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు అంటుకుపోయిన మామూలు కవరును పారిశుద్ధ్య కార్మికులు చేత్తో చించి తడి చెత్తను వేరు చేయవలసి వస్తోంది. ధ్రువీకరణ పొందిన కంపోస్టబుల్ (కంపోస్టు కేంద్రంలో కుళ్ళి ఎరువయ్యే) సంచి అయితే చెత్తతో పాటే కంపోస్టు కేంద్రానికి వెళ్తుంది, ఆ మనిషికి ఆ పని తప్పుతుంది.

మొదటి స్పందన ఇచ్చినవారి జవాబు:
తడి చెత్త విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను, అక్కడ సంచి చేరే చోటు ముందే తెలుసు. లడ్డూ సంచి అలా కాదు, భక్తుడి వెంట కొండ దిగి ఏ ఊరి చెత్తకుప్పకు చేరుతుందో ఎవరికీ తెలియదు. సామాన్లు మోయడానికి గుడ్డ సంచి ఉండనే ఉంది. మన నిబంధనల్లో మామూలు ప్లాస్టిక్ సంచికి కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలి, కంపోస్టబుల్ సంచికి ఆ షరతు లేదు. ఈ వెసులుబాటును చూసుకుని పల్చటి మామూలు కవర్ల మీదే 'కంపోస్టబుల్' అనే ముద్ర వేసి అమ్మే అవకాశం ఉంది. అందువల్ల తడి చెత్తను విడిగా సేకరించి కంపోస్టు చేసే పట్టణాల్లో మాత్రమే, అదీ ఇంటింటి చెత్త సంచులకే, ముందుగా తప్పనిసరి చేయాలని కోరుతున్నాను.