నాయనమ్మను 'నార్ల్డ్' అంటే తప్పేంటి?

పాలమూరు_పోరడు:
అన్నలూ, అక్కలూ, చిన్న డౌట్. మాది జడ్చర్ల దగ్గర పల్లె, టౌన్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పోతున్నా. రోజుకో విశేషణం ఇచ్చి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లాంటి వాక్యాలు నాలుగు రాసుకురమ్మంటారు. మొన్న వచ్చిన మాట 'నార్ల్డ్' (gnarled). స్పెల్లింగులో ముందు జీ ఉంది కదా అని 'గ్నార్ల్డ్' అని చదివితే క్లాసంతా నవ్వింది, అది వేరే కథ. డిక్షనరీలో 'ముడులు పడి మెలితిరిగిన' అన్నట్టు ఉంది. చదవంగనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎనభై దాటినా పొద్దున్నే అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తది, వేళ్లు అల్లం కొమ్ముల లెక్క ఉంటయి. అందుకే 'మై గ్రాండ్‌మదర్ ఈజ్ నార్ల్డ్' అని రాశా. ఎర్ర గీత. 'ద రోప్ ఈజ్ నార్ల్డ్', గీత. 'ద ట్రాఫిక్ వాజ్ నార్ల్డ్ ఎట్ మెట్టుగడ్డ', దానికీ గీత. 'నార్ల్డ్ ట్రీ' ఒక్కదానికే టిక్ పడింది. ఎందుకని అడిగితే సార్‌కు బస్సు టైమ్ అయింది. ఎవరైనా చెప్తారా?

నల్లగొండ_టీచరమ్మ:
తమ్ముడూ, నీ అల్లం కొమ్ములోనే జవాబు ఉంది, నువ్వే చూసుకోలేదు. ఈ మాట పుట్టింది చెక్కలోంచి. చెట్టు మాను మీద ఉబ్బెత్తుగా బుడిపె వస్తుందే, దాన్ని వెనకటి ఇంగ్లిష్‌లో 'నార్' లాంటి మాటతో పిలిచేవాళ్లు, అక్కడి నుంచి వచ్చింది. కాబట్టి వాడేముందు ఎక్కడ బుడిపె ఉంది, ఎక్కడ వంకర ఉంది, అది ఎన్నేళ్లకు వచ్చింది అని చూసుకో. మీ ఊరికి దగ్గర్లోనే పిల్లలమర్రి ఉంది కదా, ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, మూడెకరాలు పరుచుకుని ఉంటుంది, అసలు మాను ఏదో ఊడ ఏదో తెలియదు. 2018లో చెదలు పట్టిందని సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు, ఆ ఫొటోలు పేపర్లో చూసే ఉంటావు. ఆ కొమ్మలను ఒక్క మాటలో చెప్పాలంటే నార్ల్డ్. చెట్టు మాను, వేర్లు, కొమ్మలు, ముసలివాళ్ల చేతులు, వేళ్లు, వేళ్ల కణుపులు, వీటితో బాగా కుదురుతుంది.

తాడుకు ముడి మనం వేస్తాం, అది 'నాటెడ్'. ట్రాఫిక్ చిక్కుకుంటే 'స్నార్ల్డ్', ముందు ఎస్ ఉంటుంది, నువ్వు ఒక్క అక్షరం దూరంలో తప్పావు. ఇక నాయనమ్మ సంగతి. కథల్లో 'ఎ నార్ల్డ్ ఓల్డ్ మ్యాన్' అని కనిపిస్తుంది, కాబట్టి మనిషికి వాడనే కూడదు అంటే నేను ఒప్పుకోను. కానీ ఇంటి మనిషి గురించి 'ఈజ్ నార్ల్డ్' అని ఆపేస్తే 'మా నాయనమ్మ మోడు' అన్నట్టు వినిపిస్తుంది. వేళ్లకు పెట్టు, వాక్యం నిలబడుతుంది.

ఇంకోటి, మన దగ్గర 'కాయలు కాసిన చేతులు' అంటాం కదా, దాన్ని చాలామంది పిల్లలు నార్ల్డ్ అని రాస్తారు. అది 'క్యాలస్డ్', తోలు గట్టిపడటం. పార పట్టిన పాతికేళ్ల కుర్రాడి చేతులకు కాయలు ఉంటాయి, కణుపులు మాత్రం నిటారుగానే ఉంటాయి.

పాలమూరు_పోరడు:
మేడం, మా నాయనమ్మకు రెండూ ఉన్నయి. వయసులో ఉన్నప్పుడు తాతతో కలిసి బొంబాయి దిక్కు మట్టి పనికి పోయింది, పాలమూరు లేబర్ అంటారు కదా, గట్ల. అరచేయి చూస్తే కాయలు, తిప్పి చూస్తే ముడులు.

దేవరకొండ_టు_డాలస్:
టీచరమ్మ అంతా చెప్పేశారు, నేను ఒక్కటి కలుపుతా. 'నార్లీ' అని ఇంకోటి ఉంది, దానితో కలిపేయకు తమ్మీ. సముద్రం అలల మీద పలకేసుకుని ఆడతారే, వాళ్ల మాట అది. భయంకరమైన అలను నార్లీ అనేవాళ్లు, ఇప్పుడు ఘోరంగా ఉన్నా నార్లీయే, అదిరిపోయినా నార్లీయే. నేను వచ్చిన కొత్తలో ఆఫీసులో మా టీమ్ లీడ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్, అంటే తప్పు, చూసి 'దట్స్ నార్లీ' అన్నాడు, నాకు తెలిసింది చెట్టు అర్థం ఒక్కటే, అర్థమైనట్టు తల ఊపి, లంచ్‌లో ఫోన్ తీసి వెతుక్కున్నా. ఇంకో మాట, ఇక్కడ మామూలు మాటల్లో 'నార్ల్డ్' పెద్దగా వినలేదు నేను. రాతలో కనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు 'హర్ ఫింగర్స్ ఆర్ ఆల్ బెంట్' అంటే చాలు.

మర్రిగూడ_మనిషి:
ఇది చదువుతుంటే పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది, చెప్పాలా వద్దా అని ఆగి మళ్లీ రాస్తున్నా. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. మా పెద్దనాన్నకు నడుము వంగి, కాళ్లు విల్లులా అయిపోయి, నలభై ఏళ్లకే కర్ర పట్టాడు. ఒకసారి ఎవరో ఊరి మీద ఇంగ్లిష్‌లో వ్యాసం రాశారు, అందులో మా వాళ్ల కాళ్లను 'నార్ల్డ్ లింబ్స్' అన్నారు. డిక్షనరీ ప్రకారం రైటే కావచ్చు, జబ్బుతో వంకరపోయినా ఆ మాట వాడొచ్చని రాసి ఉంటుంది. అయినా నాకు ఒళ్లు మండింది. చెట్టుకు ముడి పడితే వయసు, మా పెద్దనాన్నకు పడింది బోరు నీళ్ల వల్ల. ఫొటో తీసి గోడకు పెట్టుకునే మాట అది, 'బెంట్' అని రాస్తే ఏం పోయేది?

రెండో_సింగిల్_చాయ్:
అన్నా మరీ ఎక్కువ ఆలోచిస్తున్నవ్, పిల్లగాడు అడిగింది హోంవర్క్.

నల్లగొండ_టీచరమ్మ:
ఎక్కువేం కాదు. క్లాసులో ఇది నేనూ చెప్పలేదు ఇన్నేళ్లు, రేపటి నుంచి చెప్తా. ఆ వ్యాసంలో 'నార్ల్డ్' బదులు ఆయన కర్ర గురించో, నీళ్ల బిందె గురించో ఒక వాక్యం రాసి ఉంటే చదివేవాళ్లకు ఎక్కువ తెలిసేది. అయితే ఆ మాటను అసలు ముట్టుకోవద్దని కూడా పిల్లలకు చెప్పలేను. తమ్ముడూ, నువ్వు మళ్లీ రాసి పెట్టు, చూస్తా. నాయనమ్మ చేతుల్లో నీకు ఏది కనిపిస్తుందో అదే రాయి, ఊరికే అతికించకు.

పాలమూరు_పోరడు:
ఇప్పుడే పోయి చూసొచ్చా మేడం. కుడిచేతికి తాత పెట్టిన వెండి ఉంగరం ఉంది. సబ్బు రాసినా కణుపు దాటి రాదు, పిడికిలి కూడా పూర్తిగా మూయలేదు. ఇట్ల రాశా: 'ద రింగ్ వోంట్ కమ్ ఓవర్ హర్ నార్ల్డ్ నకిల్.' ఏం చేస్తున్నవ్‌రా చెయ్యి పట్టుకుని అంటే హోంవర్క్ అన్నా, నవ్వింది.

నల్లగొండ_టీచరమ్మ:
'కమ్ ఓవర్' కన్నా 'స్లిప్ ఓవర్' పెట్టు. మిగతాది ముట్టుకోకు.

పాలమూరు_పోరడు:
సరే మేడం. ఆ 'నకిల్'లో ముందు కే ఉంది, అది పలకొద్దు కదా? రేపు మళ్లీ నవ్వుతరు.

నల్లగొండ_టీచరమ్మ:
పలకొద్దు.