కుక్కర్‌లో వండితే హలీమ్ అవుతుందా?

కుక్కర్_కృష్ణ: రంజాన్ అయిపోయింది, ఇక హలీమ్ ఎక్కడ దొరుకుతుందని దిగులుపడేవాళ్ళ కోసం. బోన్‌లెస్ మటన్ కిలో, గోధుమ రవ్వ 400 గ్రాములు, గుప్పెడు శనగపప్పు. అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, షాజీరా, కబాబ్ చీనీ (తోకమిరియాలు) వేసి మటన్‌ని కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. నానిన రవ్వ, పప్పు విడిగా ఉడికించి, అన్నీ కలిపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. పైన నెయ్యి, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయ. హోటల్ రుచికి ఏమీ తీసిపోదు. పైగా కల్తీ లేదు.

భట్టీ_భాయ్: మిక్సీ దగ్గరే చదవడం ఆపేశా. హైదరాబాద్ హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు ఊరికే ఇవ్వలేదు. మేకమాంసం 10 పాళ్ళకు గోధుమ 4, రాగి పాత్ర, కట్టెల మంట, 12 గంటలు. ఘోట్నీతో, అంటే పెద్ద కర్ర గుత్తితో, దంచితే మాంసం పోగులు పోగులుగా విడిపోయి గోధుమలో కలుస్తుంది. అందుకే గరిటెతో ఎత్తితే సాగుతుంది. మిక్సీ బ్లేడు ఆ పోగుల్ని తెంపేస్తుంది. మీరు చేసింది మటన్ జావ.

కృష్ణ: నా కొలత కూడా 10కి 4 అన్నా, లెక్క చూసుకోండి. రోడ్డు పక్కన టేబుల్ వేసి అమ్మేవాళ్ళంతా రాగి పాత్రలోనే వండుతున్నారా? మరి చికెన్ హలీమ్, వెజ్ హలీమ్ ఏ లెక్కలోకి వస్తాయి?

సుజాత: రవ్వ ఎంతసేపు నానాలండీ?

భట్టీ_భాయ్: చికెన్ సంగతి నేనెత్తలేదు. మిక్సీ గురించి చెప్పండి.

బార్కాస్_అల్లుడు: మా అత్తగారిది బార్కాస్, హైదరాబాద్‌లో అరబ్ మూలాలవాళ్ళుండే పేట. అక్కడ హలీమ్‌కి మూలమైన హరీస్‌లో నెయ్యి, పంచదార వేసుకుని తింటారు. వాళ్ళ ముందు మీ ఇద్దరివీ కొత్త వంటలే 😀

కృష్ణ: సరే, పప్పుగుత్తితోనే మెదుపుతా. ఒప్పుకుంటారా?

భట్టీ_భాయ్: ఒప్పుకోను.

కృష్ణ: ఏం చేసినా కాదనేవాళ్ళతో ఏం మాట్లాడతాం! పోయినేడు ఒక హోటల్ నుంచి ఫ్యామిలీ ప్యాక్ తెచ్చా. అంతా గోధుమే, మటన్ వెతుక్కోవాలి. నెయ్యి అన్నారు, డాల్డా వాసన. మా నాన్నకి రాత్రంతా కడుపునొప్పి. ఫోన్ చేస్తే "రష్‌లో అంతే సార్" అన్నారు.

భట్టీ_భాయ్: ఒకడు మోసం చేస్తే హలీమ్ భట్టీ (పొయ్యి) పెట్టిన ప్రతివాడూ దొంగేనా? "పైగా కల్తీ లేదు" అని మొదట్లోనే ఒక మాట విసిరారు. మిక్సీ కంటే నాకు తగిలింది అదే. మా చిన్నాన్న రంజాన్ నెలంతా రోజా (ఉపవాసం) ఉంటూ, ఆ మంట పక్కన నిలబడి ఘోట్నీ వేస్తాడు. ఆ కూలి డబ్బులతోనే పిల్లల స్కూలు ఫీజు కట్టేది. మీరు ఇంట్లో వండుకోండి, ఎవరొద్దన్నారు? మమ్మల్ని తిట్టకుండా వండుకోండి.

కృష్ణ: మీ చిన్నాన్నని నేనేమన్నా? నెయ్యి కొనేది ఓనరు. నా మాట ఓనర్ల గురించి.

భట్టీ_భాయ్: అలా రాయలేదు మీరు. జనం హోటల్‌కి రావడం మానేస్తే ముందు పని పోయేది కూలోడికే.

సుజాత: రవ్వ నీళ్ళలో పోసేశానండీ. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

భట్టీ_భాయ్: రెండు గంటలు ఉంచండమ్మా. మిక్సీ జోలికి మాత్రం పోవద్దు.

కృష్ణ: గంట చాలు. పోవచ్చు.